రాకాసి గుళ్ళు – చైనా మట్టి బొమ్మలు : పూర్వుల పరలోక చింతన

జనాజా నమాజు ముగిసి, మయ్యత్తును ఖబరులోకి దించిన తరువాత, వచ్చిన వారందరము వంగి మూడేసి దోసిళ్ళ మట్టి వేస్తాము. దీనినే మన ఇళ్ళలో "మట్టి ఇవ్వడం" అంటారు. ఎంత దూరపు చుట్టమైనా "మట్టికి అందినావా?" అని అడుగుతారు. భూములున్న దొర అయినా, దినకూలి అయినా అదే తెల్లని కఫను, అదే మట్టి. వెంట ఏదీ పోదు, ఎవ్వరూ పోరు. ఇది మనకు ఎంత అలవాటైన సంగతి అంటే, చనిపోయినవారి వెంట అన్నపు కుండలు, కత్తులు, పూసల దండలు, ఆఖరుకు నౌకర్లను కూడా పంపిన జాతులు ఉండేవని చెపితే మన పిల్లలు నోరు తెరుచుకొని వింటారు.

అటువంటి జాతులు ఎక్కడో సముద్రాల అవతలనే ఉండలేదు. మనము నడిచే ఈ నేలమీద, హుజూరాబాదు చుట్టుపట్ల చెలకల్లో, గుట్టల మొదట్లో కూడా అటువంటి వారు బ్రతికి, చనిపోయి, సమాధి అయినారు. వారి గురించి, వారివంటి తలపులే తలచిన చైనావారి మట్టి బొమ్మల గురించి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచినాము. చివరన మన సంఘానికి సంబంధించిన ఒక విషయము కూడా ఉన్నది. కనుక సభ్యులు, ముఖ్యంగా యువకులు ఓపికతో చదువవలసినదిగా కోరుతున్నాము.

చెలకల్లోని రాళ్ళ గుండ్రాలు

ఉత్తర తెలంగాణలో ఊరి బయట, నీరు పారని ఎత్తు నేలల్లో పెద్ద పెద్ద గుండ్లు వలయంగా పేర్చి ఉండడం చాలమంది చూచే ఉంటారు. నడుమ చిన్న రాళ్ళ కుప్ప ఉంటుంది. కొన్నిచోట్ల నాలుగు బండలు నిలిపి పైన ఒక బండ కప్పి గూడులాగా కట్టి ఉంటారు. పశువులు కాచే పిల్లలు వాటి నీడకు కూర్చుంటారు. ఊరివాళ్ళు వీటిని రాకాసి గుళ్ళు అంటారు, రాక్షస గుళ్ళు అంటారు, పాండవుల గుళ్ళు అని కూడా అంటారు. ఇంత పెద్ద బండలు మనిషి ఎత్తలేడు, రాక్షసులో భీముడో ఎత్తి ఉంటారని వెనుకటివాళ్ళ ఊహ.

చరిత్రకారులు వీటికి బృహత్ శిలాయుగపు సమాధులని పేరు పెట్టినారు. పేరులో శిలాయుగమని ఉన్నా, వీటిని కట్టినవారికి ఇనుము బాగా తెలుసు. మన ప్రాంతంలో ఇవి ఇంచుమించు మూడువేల ఏండ్ల నుండి రెండువేల ఏండ్ల క్రిందటివి. అంటే కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు వంటి చోట్ల శాతవాహనుల కాలపు పట్టణాలు లేవడానికి ముందు మొదలై, వాటితో కొంతకాలం కలిసి నడిచిన ఆచారమన్నమాట. పెద్దబంకూరు దాపునే ఉన్న కదంబాపూరులో ఇటువంటి సమాధులను పురావస్తు శాఖవారు తవ్వి చూచినారు. గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టు కట్టేటప్పుడు, 1960 దశకంలో, అక్కడి సమాధులను కూడా తవ్వినారు.

ఇటీవల 2017లో మన పక్క సిద్దిపేట జిల్లా నంగునూరు మండలం నర్మెటలో ఒక సమాధిని తెరిచినారు. దాని మీద కప్పిన బండ నలభై టన్నుల పైచిలుకు బరువున్నదని లెక్క కట్టినారు. దానిని తీయడానికి క్రేను తేవలసి వచ్చినది. మరి క్రేను లేని కాలంలో దానిని ఎట్లా తెచ్చినారు, ఎట్లా కప్పినారు? దుంగలు, మోకులు, మట్టి వాలు, వందలమంది భుజాలు – ఇంతకన్న వేరే యంత్రము లేదు. ఒక మనిషి చనిపోతే ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చి పనిచేసినాయన్నమాట. రాక్షసులు కట్టలేదు. చనిపోయినవారి మీద ప్రేమో, భయమో, గౌరవమో ఉన్న మామూలు మనుషులే కట్టినారు.

లోపల ఏమున్నది?

పైన కనిపించే రాళ్ళ వలయము గుర్తు మాత్రమే. అసలు సమాధి లోపల ఉంటుంది. గుంట తవ్వి, నాలుగు ప్రక్కల రాతి పలకలు నిలిపి, అడుగున ఒకటి, పైన ఒకటి పరచి పెట్టెలాగ చేస్తారు. కొన్ని పెట్టెలకు ఒక ప్రక్క పలకలో గుండ్రని కన్నము తొలిచి ఉంటుంది. తరువాత చనిపోయిన ఇంటివారి ఎముకలను లోపలికి చేర్చడానికి ఆ కన్నము విడిచినారని కొందరు, ఆత్మ వచ్చిపోవడానికి దారి అని మరికొందరు చెప్పుచున్నారు. చాల సమాధులలో పూర్తి శరీరము ఉండదు. దేహాన్ని ముందు వేరేచోట ఉంచి, కొంతకాలమైన తరువాత ఎముకలను ఏరి తెచ్చి సమాధి చేసేవారు. ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురి ఎముకలు దొరకడమూ ఉన్నది.

ఎముకల చుట్టూ కుండలు. కొన్నింటిలో పదులకొలది కుండలు, చిప్పలు, మూతలు, కుండ నిలపడానికి చుట్టకుదురులు ఉంటాయి. వీటిలో ఎక్కువ కనిపించేది లోపల, మూతి దగ్గర నలుపు, బయట ఎరుపు ఉన్న కుండ. రెండు రంగులు పూసినవి కావు. కుండను బోర్లించి ఆవములో కాల్చితే లోపలికి గాలి తగలక నల్లబడుతుంది, గాలి తగిలిన బయటి భాగము ఎర్రబడుతుంది. మన కుమ్మరులకు ఈ మర్మము చెప్పవలసిన పని లేదు. కుండలతో పాటు ఇనుప కత్తులు, బల్లెపు మొనలు, గొడ్డళ్ళు, కొడవళ్ళు, పూసలు దొరుకుతాయి. వీటిని బట్టి, సేద్యము, పశువులు, కమ్మరము, కుమ్మరము తెలిసిన సమాజమని అర్థమగుచున్నది. తరువాతి శతాబ్దాలలో ఇరాన్ దేశపు వర్తకులు నిజామాబాదు జిల్లా కోనసముద్రానికి వచ్చి ఉక్కు ముద్దలు కొని తీసుకొనిపోయినారు గదా! ఆ కొలిమి విద్యకు ఉత్తర తెలంగాణలో వేళ్ళు చాల లోతున ఉన్నవి.

ఇక అన్నము పెట్టిన కుండ ఎందుకు, కొడవలి ఎందుకు? చనిపోయినవాడికి ఆకలి ఉంటుందని, అక్కడ కూడా పొలముంటుందని, పని ఉంటుందని నమ్మినందుకే. ఆ మనుషులు ఒక్క అక్షరమైనా వ్రాసి పోలేదు. వారి నమ్మకాన్ని మనకు చెప్పుచున్నది ఆ కుండలే.

మట్టి పెట్టెలు, మనిషి రాళ్ళు

కొన్నిచోట్ల రాతి పెట్టెకు బదులు కాల్చిన మట్టితో చేసిన తొట్టివంటి శవపేటికలు దొరికినవి. వాటికి క్రింద వరుసగా పొట్టి కాళ్ళుంటాయి. కడప జిల్లా శంఖవరంలో దొరికిన పేటిక మరీ విచిత్రమైనది. అది తొట్టిలాగ కాక, ఒక జంతువు ఆకారంలో ఉన్నది. లోపల మనిషి ఎముకలు, బయట జంతువు రూపము. చనిపోయినవాడిని ఆ జంతువు మోసుకొని పోతుందని అనుకొన్నారేమో! తెలుగు నేలమీద మట్టి బొమ్మకు, మరణానికి ఉన్న సంబంధము ఇంత స్పష్టంగా చూపే వస్తువు మరొకటి అరుదు.

గోదావరి ఒడ్డున ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర అడవిలో బండల గూడులు గుంపుగా ఉన్నవి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలం జానంపేట దగ్గర గూడుల లోపల ఒకే బండను తొలిచి చేసిన రాతి తొట్లున్నవి. ఆ ప్రాంతాలలో, గుండాల మండలం కాచనపల్లి వైపు కూడా, మనిషి ఆకారంలో చెక్కిన నిలువు రాళ్ళు ఉన్నవి. తల, రెండు ప్రక్కలా చేతులు – ఇంతే. కొన్ని ఆడ రూపాలు. పందొమ్మిదవ శతాబ్దంలో వీటిని చూచిన తెల్లవారు కొందరు ఇవి శిలువలని భ్రమపడి, ఇక్కడ పూర్వం క్రైస్తవులుండేవారేమో అనుకొన్నారు. ఎవరి కండ్లకు వారికి తెలిసినదే కనపడుతుందన్న మాట నిజమే గదా!

వెలుగులోకి తెచ్చినవారు

ఈ సమాధుల చరిత్ర వెలికి తీసినవారిలో నిజాం రాజ్యపు ఉద్యోగులు, పండితులు ముఖ్యులు. మెడోస్ టేలర్ అనే దొర 1850 దశకంలో సురపురం ప్రాంతంలో ఇటువంటి సమాధులు తెరిచి, వాటి కొలతలు, బొమ్మలతో సహా వ్రాసిపెట్టినాడు. హైదరాబాదులో వైద్యుడుగా పనిచేసిన డాక్టరు హంట్ భువనగిరి దగ్గరి రాయగిరిలో తవ్వి 1916లో ప్రకటించినాడు.

ఇంకొక పేరు మనవారందరు గుర్తుంచుకోదగినది – మౌల్వీ గులాం యజ్దానీ. 1914లో హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధిపతి ఆయనే. అజంతా చిత్రాలను లోకానికి పరిచయం చేసిన పెద్ద గ్రంథాలు ఆయనవే. అంతటివాడు ఈ సమాధులలోని పగిలిన కుండ పెంకుల మీద గీసిన గుర్తులను ఒక్కొక్కటిగా సేకరించి, ప్రాచీన లిపులతో పోల్చి 1917లో ఒక వ్యాసము వ్రాసినాడు. భారత ప్రభుత్వము 1959లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చినది. 1962లో కాలము చేసినారు.

ఆయన తరువాత ఖ్వాజా ముహమ్మద్ అహ్మద్ కొండాపురంలో, జానంపేటలో తవ్వకాలు జరిపినారు. ముహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ కృష్ణ ఒడ్డున ఏలేశ్వరంలో, నాగార్జునసాగరు నీటిలో ఊరు మునగకముందే పరుగుపరుగున తవ్వించి, 1963లో పుస్తకము ప్రకటించినారు. ఇప్పుడు ఏలేశ్వరము నీటి అడుగున ఉన్నది, వహీద్ ఖాన్ గారి పుస్తకము మాత్రము పైన ఉన్నది. ఆ తరువాత డాక్టరు వి. వి. కృష్ణశాస్త్రి గారు మన కరీంనగరు జిల్లా స్థలాలను తవ్వించి, వాటికి చరిత్రలో చోటు కల్పించినారు. ఠాకూర్ రాజారాం సింగ్ వంటివారు ఊరూరా తిరిగి, నాణేలు, పెంకులు చూపించి, ఇక్కడ చరిత్ర ఉన్నదని చాటినారు.

ఇందులో గమనించదగిన విషయమేమంటే, ఈ పండితులు తమ మతానికి చెందని, తమ జాతికి తెలియని, పేరు కూడా లేని మనుషుల సమాధులను ఇంత ఓపికతో చదివినారు. భూమి మీద తిరిగి మునుపటి జాతుల గతి ఏమైనదో చూడమని మనకు ఉన్న హితవు కూడా ఇదే.

చైనావారి మట్టి సైన్యము

ఇక చైనా సంగతి. మనకు చైనా అంటే చీనీ మట్టి కప్పులు, జాడీలు గుర్తుకు వస్తాయి. సాలార్‌జంగు మ్యూజియం చూచినవారు చైనా పింగాణీ గదులు చూచే ఉంటారు. కాని చైనా మట్టి పనిలో లోకాన్ని విస్మయపరచినవి కప్పులు కావు, సమాధి బొమ్మలు.

1974 మార్చి నెలలో షాన్‌షీ రాష్ట్రంలో సియాన్ నగరానికి దగ్గర, కరవు కాలంలో కొందరు రైతులు బావి తవ్వుచుండగా గడ్డపారకు మట్టి తల ఒకటి తగిలినది. తవ్వినకొద్దీ సిపాయిలే! నిలువెత్తు మట్టి సిపాయిలు, గుర్రాలు, రథాలు వరుసలు వరుసలుగా బయటపడినవి. ఇవి మొత్తం ఎనిమిదివేల దాకా ఉంటాయని అంచనా. క్రీస్తు పూర్వము 210లో చనిపోయిన చిన్ చక్రవర్తి షి హువాంగ్ సమాధికి కాపలాగా వీటిని పాతిపెట్టినారు. ముఖాలు ఒకే అచ్చులో పోసినట్లుండవు. మీసాలు, జుట్టు ముడి, చెవులు వేరు వేరు. మొదట వీటికి రంగులు కూడా ఉండినవి. ఆయన తరువాత నూరేండ్లకు సిమా చియన్ అనే చరిత్రకారుడు ఆ సమాధికి ఏడు లక్షలమంది పనిచేసినారని, లోపల పాదరసపు నదులు పారించినారని వ్రాసినాడు గాని, ఈ మట్టి సైన్యము ఊసే ఎత్తలేదు. రెండువేల ఏండ్లకు పైగా ఎవరికీ తెలియకుండా ఆ సిపాయిలు చీకటిలో నిలుచున్నారు.

అసలు బొమ్మలు ఎందుకు పెట్టినారు? దీని వెనుక ఘోరమైన కథ ఉన్నది. అంతకు వెయ్యేండ్ల ముందు షాంగ్ రాజులు చనిపోతే, వారి వెంట నౌకర్లను, బందీలను చంపి పాతిపెట్టేవారు. ఆన్‌యాంగ్ దగ్గర 1928 నుండి జరిగిన తవ్వకాలలో ఆ ఎముకలు దొరికినవి. ఇదే చిన్ రాజ్యంలో క్రీస్తు పూర్వము 621లో ము అనే ప్రభువు చనిపోతే 177 మందిని ఆయన వెంట పంపినారని సిమా చియన్ వ్రాసినాడు. వారిలో ప్రజల మన్ననలు పొందిన ముగ్గురు అన్నదమ్ములు ఉండినందున దేశమంతా దుఃఖించినదట. ఆఖరుకు క్రీస్తు పూర్వము 384లో చిన్ రాజ్యము ఈ ఆచారాన్ని నిషేధించినది. మనిషికి బదులు బొమ్మ వచ్చినది. అంటే ఆ మట్టి సిపాయి ఒక్కొక్కడు ఒక ప్రాణము దక్కినదనడానికి గుర్తు అనుకోవచ్చును.

అయితే బొమ్మను చూచి కూడా సంతోషించనివారున్నారు. మనిషిని పోలిన బొమ్మను సమాధిలో పెట్టడము మొదలు పెట్టినవాడిని కన్‌ఫ్యూషియస్ తిట్టిపోసినాడని ఆయన తరువాతి వారు చెప్పుకొన్నారు. ఈనాడు బొమ్మ పెట్టినవాడు రేపు మనిషిని పెడతాడేమోనని ఆయన భయమంటారు. చనిపోయినవారికి ఏమీ తెలియదని విడిచిపెట్టడము ప్రేమ కాదు, బ్రతికి ఉన్నవారి లాగానే చూడడము తెలివి కాదు. కనుక కుండను కుండలాగే చేసినా పనికిరాని కుండగా, వాయిద్యాన్ని మ్రోగని వాయిద్యంగా చేయాలి. ఇది ఆయన పేరున వాడుకలో ఉన్న ఆలోచన. అటువంటి వస్తువులను చైనావారు "మింగ్ చి" అంటారు, అంటే ఆత్మల కొరకైన సామాను.

హాన్ రాజుల కాలంలో ఈ సామాను మామూలు ఇండ్లవారికి కూడా చేరినది. మట్టితో చేసిన చిన్న ధాన్యపు గరిసె, పొయ్యి, బావి, పందుల దొడ్డి, కోళ్ళు, కుక్కలు సమాధులలో పెట్టేవారు. మనిషికి రెండు ఆత్మలుంటాయని, ఒకటి పైకి పోతుందని, రెండవది దేహంతో పాటు సమాధిలోనే ఉంటుందని వారి నమ్మకము. ఆ ఉండిపోయిన ఆత్మకు ఇల్లు కావాలి, గింజలు కావాలి. క్రీస్తు పూర్వము 141లో చనిపోయిన జింగ్ చక్రవర్తి సమాధి దగ్గర రెండు అడుగుల ఎత్తు మట్టి బొమ్మలు వేలకొలది పాతిపెట్టినారు. వాటికి నిజమైన గుడ్డ బట్టలు తొడిగి, కొయ్య చేతులు పెట్టినారు. బట్ట, కొయ్య పుచ్చిపోయి ఇప్పుడు చేతులు లేని దిసమొల బొమ్మలు మిగిలినవి. రాజుగారి వైభవము చివరకు ఇంతే!

618 నుండి 907 దాకా ఏలిన తాంగ్ రాజుల కాలపు బొమ్మలు మరీ అందమైనవి. పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులు ఒకదానిలోకి ఒకటి కారినట్లు మెరుగు పెట్టిన గుర్రాలు, ఒంటెలు వాటిలో పేరు పొందినవి. ఆ ఒంటెల ప్రక్కన నిలుచున్న మనుషులకు గడ్డాలు, ఎత్తైన ముక్కులు, కొన తేలిన టోపీలు ఉంటాయి. వీరు చైనావారు కారు. పట్టు దారి వెంట వచ్చిన ఇరాన్, మధ్య ఆసియా, అరబ్బు దేశాల బేహారులు, ఒంటెలవాళ్ళు. 651లో ఖలీఫా ఉస్మాన్ గారి కాలంలో అరబ్బుల రాయబారము తాంగ్ దర్బారుకు వచ్చినట్లు చైనా గ్రంథాలలో ఉన్నది. ఎవరి ఖబరులో ఏమీ పెట్టని వారి రూపాలు, పరాయివారి సమాధులలో సామానై నిలిచిపోవడము విచిత్రము గదా!

ఎవరి హోదాకు ఎన్ని బొమ్మలు, ఎంత ఎత్తు బొమ్మలు అని తాంగ్ ప్రభుత్వము కొలతలు కూడా పెట్టినది. పెళ్ళిళ్ళలో మాదిరిగా చావులో కూడా గొప్పలకు పోయి ఇండ్లు గుల్ల చేసుకొనేవారని దీని భావము. తరువాతి కాలంలో మట్టి బొమ్మ తగ్గి కాగితము వచ్చినది. కాగితపు రూపాయలు, కాగితపు ఇండ్లు చేసి కాల్చడము చైనావారిలో ఈనాటికీ ఉన్నది. ఏప్రిల్ మొదట్లో సమాధులు ఊడ్చి శుభ్రపరచే పండుగ కూడా చేస్తారు.

దూరమెంత, దగ్గరెంత

చైనా చక్రవర్తికి, మన చెలకలో పడుకొన్న పేరులేని మనిషికి సంపదలో పోలికే లేదు. కాని తలపు ఒక్కటే. పోయినవాడు పూర్తిగా పోలేదు, అతనికి మన ఆదరణ ఇంకా కావాలి అన్నదే ఆ తలపు.

ఈ తలపు మన చుట్టూ ఇంకా ఉన్నది. మన హిందూ సోదరులు పెత్రమాస నాడు పెద్దల పేరు మీద బియ్యము, కూరగాయలు ఇస్తారు. ఆదిలాబాదు గోండులలో మెస్రం వంశమువారు కేస్లాపూరు నాగోబా జాతరకు వచ్చినప్పుడు, ఆ మధ్య చనిపోయిన తమ పెద్దల కొరకు మర్రిచెట్ల దగ్గర తూమ్ పూజ చేస్తారు. ఆ జాతరకు కావలసిన కుండలు సిరికొండలో కుమ్మరి చేత చేయించి తెస్తారు. మట్టి, మరణము, జ్ఞాపకము – ఈ మూడు ఇక్కడ కూడా ఒక్కచోట ఉన్నవి. మనమూ షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌కు పోయి, దీపము వెలుతురులో మన పెద్దల ఖబరులు వెదకి దువా చేస్తాము. వస్తువు పెట్టము గాని, మరిచిపోము.

గోండుల మార్లవాయిలో మరొక ముచ్చట ఉన్నది. నిజాం కాలంలో గోండుల బాగోగులు చూచిన హైమన్‌డార్ఫ్ దొర భార్య బెట్టీ 1987లో చనిపోతే ఆమెను ఆ ఊరిలోనే సమాధి చేసినారు. 1995లో చనిపోయిన ఆయన అస్థికలను 2012లో తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచినారు. ఆ సమాధులకు రక్తసంబంధీకులు ఆ ఊళ్ళో ఎవ్వరూ లేరు. కాని గోండులు ఏటేటా అక్కడ కూడి స్మరించుకొంటారు. వారసులు లేని సమాధికి ఊరే వారసురాలు అయినది.

మేము చేసిన తప్పు

ఇప్పుడు మొదట చెప్పిన విషయానికి వస్తున్నాము. ఇరవై ఏండ్ల పైమాట. మా దగ్గరి బంధువుల ఊరిలో ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ కట్టుటకు చందాలు పోగైనవి. ఆ పనికి సాయంగా మేము నలుగురము పోయినాము. తూర్పు ప్రక్క పునాది తవ్వుచుండగా పెద్ద గుండ్లు అడ్డు వచ్చినవి. గుండ్లు జరిపితే క్రింద రాతి పలక, పలక క్రింద కుండలు. కూలివాళ్ళలో ఒకడు "లంకెబిందెలు!" అని కేక పెట్టినాడు. అంతే! ఎవరు వద్దన్నా వినకుండ గడ్డపారలు పడినవి. నాలుగు కుండలూ పగిలినవి. లోపల మట్టి, కొన్ని ఎముకల ముక్కలు, తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడిపోయే ఇనుప ముక్క ఒకటి. బంగారము లేదు, వెండి లేదు. పెంకులు మాత్రము లోపల నలుపు, బయట ఎరుపు.

అక్కడి పెద్దమనిషి ఒకరు ఆ ఎముకలను చూచి, "ఇవి ఎవరివైనా సరే, ఒక తల్లి కన్న బిడ్డవే" అని తన కండువాలో ఏరి, గోడకు ఇవతల చిన్న గుంట తీసి పాతించినారు. పెంకులు పునాదిలో కలిసిపోయినవి. మేమెవరము ఎవరికీ చెప్పలేదు. చెపితే పని ఆగిపోతుందని, గోడకు కొలతలు మారుతాయని, లేనిపోని తగాదా వస్తుందని భయపడినాము. గోడ లేచినది. అందరము సంతోషించినాము.

ఆ పెద్దమనిషి చేసినది మంచి పని. మేము చేసినది తప్పు. మేము గోడ ఎందుకు కట్టినాము? మా ఖబరులను ఎవ్వరూ దున్నకుండ, ఆక్రమించకుండ, త్రవ్వకుండ కాపాడుకొనుటకు. మా వారి ఖబరులకు రక్షణ కొరకు, నోరులేని మరొకరి ఖబరును మేమే పగులగొట్టినాము. ఆ రోజు ఈ మాట మాకు తట్టలేదు. తరువాత కరీంనగరులోని మ్యూజియంలో అటువంటి ఎరుపు నలుపు కుండ పగలకుండ నిలిచి ఉండగా చూచినప్పుడు తట్టినది. ఆ నాలుగు కుండలు నిలిచి ఉంటే, ఆ మనిషికి ఎవరు ఏమి పెట్టి పంపినారో మనకు కొంతైనా తెలిసేది. ఇక తెలియదు.

మనము చేయదగినది

మన జిల్లాలో నల్లరాయి, ఎర్రరాయి గ్రానైటు క్వారీలు గుట్టలను తినివేస్తున్నవి. రోడ్లు, కాలువలు, ప్లాట్లు రావడము తప్పదు. వద్దని ఎవరూ అనరు. బ్రతికి ఉన్నవారికి నీరు, దారి, ఇల్లు కావాలి. కాని రాళ్ళ వలయము కనపడినచోట ఒక్క రోజు ఆగి చెప్పడానికి ఎవ్వరికీ నష్టము లేదు. గుప్త నిధుల పేరుతో రాత్రిళ్ళు తవ్వేవారు ఇంకొక పీడ. వారికి దొరికేది పెంకులే, లోకానికి పోయేది చరిత్ర. తెలంగాణ ప్రభుత్వము 2017లో వారసత్వ సంపద పరిరక్షణకు చట్టము చేసినది. చట్టము ఉన్నా, ఊరిలో కన్ను లేకపోతే అది కాగితమే.

కనుక మన సంఘ సభ్యులకు మా మనవి ఇది. మీ ఊరి చెలకలో, గుట్ట క్రింద, ఖబరస్తాన్ దాపున గుండ్ల వలయము ఉంటే దానిని జరుపవద్దు. పిల్లలకు చూపించి, ఇది రాకాసి గుడి కాదు, మన వంటి మనుషుల ఖబరు అని చెప్పండి. తవ్వేటప్పుడు ఏదైనా బయటపడితే పని ఆపి, తహసీలుదారుకు గాని పురావస్తు శాఖకు గాని తెలపండి. చదువుకొనే పిల్లలను కరీంనగరు మ్యూజియానికి ఒకసారి తీసుకొనిపొండి. ఖర్చు తక్కువ, లాభము ఎక్కువ.

చిన్ చక్రవర్తి ఎనిమిదివేల మంది మట్టి సిపాయిలను కాపలా పెట్టుకొన్నాడు. ఆయన రాజ్యము ఆయన పోయిన నాలుగేండ్లకే కూలిపోయినది. మన చెలకలోని మనిషికి కాపలా ఎవ్వరూ లేరు, గుండ్లు తప్ప. రెండువేల ఏండ్ల పైబడి ఆ గుండ్లే అతనిని కాపాడినవి. ఇక మీదట ఆ కాపలా మన చేతిలో ఉన్నది. మనకు మూడు దోసిళ్ళ మట్టి ఎవరో ఒకరు ఇస్తారన్న నమ్మకంతోనే మనము బ్రతుకుచున్నాము. పోయినవారికి ఇచ్చిన మట్టిని తిరిగి లాగుకొనకుండుట కనీస ధర్మము.